చెన్నైలో సముద్రపు చేపల ట్యాంకు: నా అనుభవం

ఐదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. వినడానికి పెద్ద సైజులా ఉండదు. లెక్క వేస్తే మాత్రం 560 లీటర్ల పైమాటే. 12 మిల్లీమీటర్ల అద్దాల బరువు, లోపల రాళ్లు, ఇసుక, ఇనుప స్టాండు, దాని కింద సంప్ అనే ఇంకో చిన్న ట్యాంకు, అన్నీ కలిపితే టన్నుకి కాస్త అటూ ఇటూ. మా ఫ్లాటు వేళచ్చేరిలో మొదటి అంతస్తు. ఇళ్ల గదులకు శ్లాబును మామూలుగా చదరపు మీటరుకు 200 కిలోల లెక్కన డిజైన్ చేస్తారు. మా ట్యాంకు కూర్చునే చోటు మొత్తం ఒక చదరపు మీటరు కూడా ఉండదు. అందుకే చేపల కొట్టుకి వెళ్లకముందే స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించాను. ఆయన బిల్డింగ్ డ్రాయింగులు చూసి, బీము వెళ్లే గోడను ఆనుకుని అయితే పెట్టుకోండి, హాలు మధ్యలో మాత్రం వద్దు అని తేల్చి చెప్పారు. మా ఆవిడ అనుకున్న చోటు సరిగ్గా హాలు మధ్యే, డైనింగ్ టేబుల్‌కీ సోఫాకీ నడుమ. ఆ మాట ఇక ఎత్తలేదు.

ట్యాంకు కొళత్తూరులో చేయించాం. చెన్నైలో రంగు చేపలంటే అందరూ చెప్పే పేరు అదే. అద్దాలు అతికే ఆయనది ఇంట్లో తెలుగే, మాట్లాడితే సగం తమిళం కలుస్తుంది. "సార్, సిలికాన్ బాగా ఆరాల. వారం దాకా ఒక్క చుక్క కూడా పోయొద్దండి" అన్నాడు. అలాగే ఆరనిచ్చి, కింద థర్మాకోల్ షీటు వేసి, ముందు మామూలు నీళ్లతో నింపి లీకు చూసుకున్నాం. ఇనుప స్టాండుకి ఎపాక్సీ పెయింటు రెండు కోట్లు వేయించాను. ఉప్పు నీటి తుంపర ఇనుమును వదిలిపెట్టదు.

తర్వాత నీళ్లు. "పక్కనే సముద్రం పెట్టుకుని ఉప్పు కొంటావా?" అని అడగని చుట్టం లేడు. 1909లోనే మెరీనా ఒడ్డున అక్వేరియం నడిపిన ఊరు కదా, ఆ అడగడంలో తప్పేం లేదు. కానీ ఊరి మురుగంతా మోసుకుని కూవం, అడయారు ఆ తీరంలోనే కలుస్తాయి. ఈశాన్య రుతుపవనాల వానలకి ఒడ్డు దగ్గర నీళ్లలో ఉప్పు తగ్గిపోతుంది. 2019 ఆగస్టులో ఒక రాత్రి చెన్నై అలలు నీలంగా మెరిశాయి, గుర్తుందా? జనం చూడ్డానికి ఎగబడ్డారు. అది నాక్టిలూకా అనే సూక్ష్మజీవి వెలుగు. చూడ్డానికి ఎంతో బాగుంటుంది గానీ, అలాంటి నీళ్లు డ్రమ్ముకెత్తి ఇంటికి తెస్తే అందులోని ప్రాణులన్నీ చచ్చి, కుళ్లి, అమ్మోనియా అవుతాయి. అందుకే ఆర్‌ఓ నీళ్లలో రీఫ్ సాల్ట్ అనే అక్వేరియం ఉప్పు కలుపుకునే పద్ధతికే వెళ్లాను. లీటరుకి 35 నుంచి 40 గ్రాములు పడుతుంది కాబట్టి మొదటి నింపుకే 20 కిలోల పైన అయింది. సాంద్రత 1.025 దగ్గర ఉంచాలి. దాన్ని చూసే రిఫ్రాక్టోమీటరును మంచినీళ్లతో సున్నాకి తెచ్చి వదిలేయకూడదు, 35 పీపీటీ, అంటే వెయ్యికి 35 పాళ్లు ఉప్పున్న ద్రావణం చుక్క వేసి సరిచేసుకోవాలి. మనకు కావాల్సిన కొలత సున్నా దగ్గర కాదు, 35 దగ్గర.

రాళ్ల విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. ఒక కొట్లో నాకు "రామేశ్వరం రాయి సార్, లైవ్ రాక్, బ్యాక్టీరియా దాంతోనే వస్తుంది" అని చూపించారు. అది పగడపు దిబ్బ నుంచి విరగ్గొట్టిన ముక్క. దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో ఉన్నాయి. సముద్ర గుర్రాలు కూడా రక్షిత జాబితాలోవే. బతికున్నదైనా, ఎండిపోయిన ముక్కైనా ఇంట్లో పెట్టుకోవడం నేరం. చట్టం సంగతి పక్కన పెట్టినా, మన్నార్ సింధుశాఖలో ఒక దిబ్బ పెరగడానికి పట్టే కాలం తెలిస్తే ఆ రాయి హాల్లోకి తేబుద్ధి కాదు. నేను సన్న రంధ్రాలున్న సిరామిక్ రాళ్లు వాడాను. బ్యాక్టీరియాకి కావాల్సింది ఇల్లు కట్టుకునే చోటే, అది సిరామిక్‌లోనూ ఉంటుంది.

రాళ్లు సర్దాక చేపలు వేయకుండా అమ్మోనియం క్లోరైడ్ కొద్దికొద్దిగా వేస్తూ వచ్చాను. ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైట్ చేస్తుంది, ఇంకో రకం దాన్ని నైట్రేట్ చేస్తుంది. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాల పని. 2 పీపీఎం (లీటరుకి 2 మిల్లీగ్రాములు) అమ్మోనియా వేస్తే మర్నాటికి అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించేదాకా ఆగాలి. ఆ ఆగడమే కష్టం. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ "చేపలేవీ?" అంటారు.

అసలు టెన్షన్ చేపలు వచ్చాక మొదలైంది. ఇసుక మీదా రాళ్ల మీదా గోధుమరంగు పొర కమ్మింది. కొత్త ట్యాంకులో డయాటమ్‌లు, అంటే సిలికాతో గూడు కట్టుకునే సూక్ష్మమైన నాచు, రావడం మామూలే, కొన్ని వారాల్లో వాటంతటవే పోతాయి. మావి పోలేదు. మ్యాగ్నెట్ స్క్రేపర్‌తో పొద్దున తుడిచిన అద్దం మర్నాటికి మళ్లీ మసకబారేది. వేలితో రాస్తే జిగురు ఉండదు, పౌడరులా ఊడి వస్తుంది. నాచుకి మేతయ్యే నైట్రేట్ చూస్తే 5 పీపీఎమ్మే, ఫాస్ఫేట్ దాదాపు లేనట్టే. మేత తగ్గించి చూశాను, లైటు గంటలు తగ్గించి చూశాను. తేడా లేదు.

అప్పుడు ట్యాంకు వదిలేసి, ట్యాంకులోకి వచ్చే నీటిని పట్టుకున్నాను. అప్పటిదాకా ట్యాంకుకి వాడింది వంటింటి ఆర్‌ఓ నీళ్లే. అందులో టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) కంట్రోలర్ అని ఒకటి ఉంటుంది. తాగే నీళ్లు మరీ చప్పగా ఉండకూడదని, శుద్ధి చేసిన నీటిలో కొంచెం అసలు నీటిని తిరిగి కలుపుతుంది. మనుషులకి అది మేలే. మా అపార్ట్‌మెంటులో మెట్రో వాటర్ చాలని రోజుల్లో బోరు నీళ్లు కలుస్తాయి, అంటే ఆ కలిపే కొంచెంలోనే బోరు నీటి ఖనిజాలన్నీ ఉన్నాయి. ఆర్‌ఓ తర్వాత, మిగిలిన లవణాల్ని పట్టేయడానికి పెట్టిన డీఐ రెజిన్ ఆ భారమంతా మోసి త్వరగా అరిగిపోయేది. అరిగిపోయేటప్పుడు మొదట వదిలేది సిలికానే. పైగా టీడీఎస్ మీటరు కొలిచేది నీటి విద్యుద్వాహకతను. కరిగిన సిలికాకి చార్జి దాదాపు ఉండదు కాబట్టి మీటరు దాన్ని పట్టలేదు. మీటరు మీద సున్నా చూసి మనం నిశ్చింతగా ఉంటాం, డయాటమ్‌లకి మాత్రం గూడు కట్టుకునే సరుకు సమృద్ధిగా అందుతూ ఉంటుంది. సిలికేట్ టెస్టు కిట్ తెప్పించి చూస్తే రంగు వెంటనే తిరిగింది.

ట్యాంకు కోసం టీడీఎస్ కంట్రోలర్ లేని ఆర్‌ఓ విడిగా పెట్టి, దాని వెనక ఒకదాని తర్వాత ఒకటిగా రెండు రెజిన్ క్యానిస్టర్లు వేశాను. మొదటిది రంగు మారగానే తీసేసి, రెండోదాన్ని ముందుకు జరిపి, కొత్తది వెనక పెట్టడం. వారం వారం నీళ్లు మారుస్తూ పోతే పొర పలచబడి, చివరికి అక్కడక్కడా మచ్చలుగా మిగిలి, పోయింది. ఆర్‌ఓ వదిలేసే నీళ్లు ఇల్లు తుడవడానికీ బాత్‌రూముకీ వాడతాం. 2019లో ట్యాంకర్ కోసం బిందెలు పట్టుకుని నిలబడిన ఊళ్లో వాటిని కాలవలోకి వదలడం నా వల్ల కాదు.

అప్పటి నుంచీ నాకొక అలవాటు వచ్చింది. ట్యాంకులో ఏం తేడా కనబడినా, ముందు ట్యాంకు బయట చూస్తాను. పీహెచ్ విషయంలోనూ అదే పనికొచ్చింది.

చెన్నై ఎండల సంగతి చెప్పనక్కర్లేదు. కత్తిరి ఎండల్లో ట్యాంకు నీళ్లు 31 డిగ్రీలకి ఎక్కాయి. నీటిమీద ఫ్యాన్లు పెడితే ఆవిరై చల్లబడతాయంటారు, నిజమే, కానీ మన సముద్రపు గాలిలో తేమ ఎక్కువ, అంతగా ఆవిరి కాదు. నీటిని చల్లబరిచే చిల్లర్ తప్పలేదు. దాన్ని స్టాండు కింద పెడితే వేడి గాలి హాల్లోకే వదులుతుంది, అందుకని గోడకి రంధ్రం కొట్టించి బాల్కనీలో పెట్టాను. 26 దగ్గర నిలిచింది. కానీ చిల్లర్‌కి పని తగ్గించడానికి పగలంతా హాలు తలుపులు మూసి ఏసీ కూడా వేసేవాళ్లం. నెల్లూరి నుంచి వచ్చిన మా అమ్మ "ఏందిరా, చేపలకి కూడా ఏసీనా?" అని ముక్కున వేలేసుకుంది.

ఆ ఏసీ రోజుల్లోనే పీహెచ్ పడిపోయింది. సముద్రపు నీటికి 8.1 నుంచి 8.4 మధ్య ఉంటే మంచిది. మాది తెల్లవారుజామున 7.7. కొట్టువాళ్లు బఫర్ పౌడరు కొనమన్నారు. ఆల్కలినిటీ, అంటే పీహెచ్ పడకుండా నీళ్లు అడ్డుకునే శక్తి, కొలిస్తే 8.5 డీకేహెచ్, అంటే బఫర్‌కి లోటేమీ లేదు. రెండు గ్లాసుల్లో ట్యాంకు నీళ్లు తీసుకుని, ఒకదానికి హాల్లో, ఒకదానికి బాల్కనీలో ఎయిర్ పంపు పెట్టి గంటసేపు బుడగలు ఊదించాను. హాల్లో గ్లాసు కదల్లేదు. బాల్కనీ గ్లాసు 8.1కి వచ్చింది. మూసిన గదిలో మనం వదిలే కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగి పీహెచ్‌ని లాగేస్తోంది. పౌడరు వేసినా అది మళ్లీ పడేదే. బుడగలతో నీటిలోని మురికి తీసే స్కిమ్మర్ గాలి పీల్చుకునే సన్న గొట్టాన్ని, చిల్లర్ పైపులు వెళ్లే రంధ్రంలోంచే బయటికి తీశాను. ఖర్చు మూడు మీటర్ల ట్యూబు. పీహెచ్ 8 దాటి అక్కడే నిలబడింది.

చేపల గురించి క్లుప్తంగానే చెబుతాను. క్లౌన్ ఫిష్ కొంటే హేచరీలో పుట్టినవే కొనండి. సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్లు మన దేశంలోనే వాటిని పొదిగించే పద్ధతి తయారుచేశారు, సముద్రం నుంచి పట్టనక్కర్లేదు. ఏ చేప వచ్చినా ముందు విడి టబ్బులో నెల పైన ఉంచుతాను. ఒక సర్జన్ చేపకి అలా విడిగా ఉన్నప్పుడే ఒళ్లంతా తెల్లచుక్కలు తేలాయి, క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి. అక్కడే రాగి మందు వేసి నయం చేశాను. ఆ మందు పెద్ద ట్యాంకులో పోస్తే రొయ్యలు, నత్తలు ఒక్కటి మిగలదు.

ఇక 2023 డిసెంబరు. మిచౌంగ్ తుపాను 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ, అంతకు ముందే చెన్నైని ముంచేసింది. మా పార్కింగులో నడుం లోతు నీళ్లు. కరెంటు తీసేశారు, ఎప్పుడొస్తుందో తెలియదు. 25 డిగ్రీల మంచినీళ్లు లీటరుకి 8 మిల్లీగ్రాముల పైన ఆక్సిజన్ పట్టుకుంటే, అదే వేడిలో సముద్రపు నీళ్లు 7 కూడా పట్టుకోలేవు. అంటే ఉప్పునీటి చేపలకి గడువు ఇంకా తక్కువ. సంప్ నుంచి నీళ్లు పైకి పంపే రిటర్న్ పంపు, స్కిమ్మర్ ఆపేశాను. నీటిని కదిలించే 15 వాట్ల వేవ్‌మేకర్ ఒక్కటి ఇన్వర్టరు మీద ఉంచి, దాని మూతిని నీటి పైభాగానికి తిప్పాను. పైపొర కదులుతుంటే చాలు, గాలి కరుగుతుంది. మేత పూర్తిగా బంద్. ఇంట్లో ఫ్యాన్లు, లైట్లు కూడా ఆపుకున్నాం.

కింది ఫ్లాట్ల వాళ్లు ఫోన్లు చార్జి పెట్టుకోవడానికి వచ్చారు. ఒకావిడ చేతిలో నెబ్యులైజర్, వెనక ఆయాసపడుతున్న పిల్లాడు. చేపల కోసమని దాచిన బ్యాటరీ మనుషులకి లేదనలేం కదా. అందరికీ ఇచ్చాం. అనుకున్నదానికంటే ముందే ఇన్వర్టరు కూసి ఆగింది. అక్కడి నుంచి బ్యాటరీ ఎయిర్ పంపు, దానికి తోడు చెంబు. ట్యాంకులో చెంబు ముంచి, మూరెడు ఎత్తు నుంచి సన్నధారగా పోయడం. రాత్రి నేనూ మా ఆవిడా వంతులేసుకున్నాం. ఏసీ చూసి ముక్కున వేలేసుకున్న అమ్మే తెల్లవారుజామున లేచి, "నువ్వు కాసేపు పడుకో నాయనా, నేను పోస్తాలే" అని చెంబు తీసుకుంది.

క్రోమిస్ అనే చేప ఒకటి పోయింది. మిగతావన్నీ నిలబడ్డాయి. కరెంటు వచ్చిన వెంటనే చిల్లర్ స్విచ్ వేయలేదు. కదలకుండా ఉన్న పైపుల్లో, చిల్లర్ కడుపులో నీళ్లు ఆక్సిజన్ లేక పాడైపోతాయి. పైపు విప్పి బకెట్‌లోకి వదిలితే కుళ్లిన గుడ్డు వాసన. ఆ నీళ్లు ట్యాంకులోకి పోయుంటే రాత్రంతా చెంబుతో పోసిందంతా వృథా అయ్యేది. పైపులు కడిగి, అమ్మోనియా చూసి, డ్రమ్ములో కలిపి ఉంచిన ఉప్పునీటితో వంద లీటర్లు మార్చి, అప్పుడు ఒక్కొక్క పంపే వేసుకుంటూ వచ్చాను.

ఆ తర్వాత రిటర్న్ పంపును నేరుగా బ్యాటరీ మీద నడిచే డీసీ పంపుకి మార్చాను. దాని బ్యాటరీ వేరు, ఇంటి ఇన్వర్టరు వేరు, అందరికీ ఫోన్లు చార్జి పెట్టుకోనివ్వచ్చు. ఏటా అక్టోబరులో వానలు మొదలయ్యే ముందు ఒక ఆదివారం మెయిన్ స్విచ్ ఆపేసి చూస్తాను: పైన నీళ్లు దిగితే సంప్ పొర్లుతోందా, డీసీ పంపు తనంతట తానే అందుకుంటోందా, ఎయిర్ పంపు బ్యాటరీలు ఎంతసేపు వస్తున్నాయి అని. ఉప్పు కలిపిన నీళ్ల డ్రమ్ము ఆ నెలల్లో ఖాళీ కానివ్వను.