మూడు సీసాల లెక్క: నెల్లూరు–ఒంగోలు బర్బన్ లాగ్, 2025

జనవరి

ఇది బర్బన్ (మొక్కజొన్న పాలు ఎక్కువగా ఉండే అమెరికా విస్కీ) దాచుకునే మా ముగ్గురి లాగ్. మా అరల్లో కలిపి ఎనిమిది సీసాలు. నెల్లూరులో వైల్డ్ టర్కీ 101 (సగం), మేకర్స్ మార్క్ (సీలు తీయనిది), జిమ్ బీమ్ వైట్ (అడుగున నాలుగు వేళ్లు). కావలిలో బఫెలో ట్రేస్, వుడ్‌ఫర్డ్ రిజర్వ్. ఒంగోలులో ఫోర్ రోజెస్ సింగిల్ బారెల్ (ఒకే పీపా సరుకు), నాబ్ క్రీక్ తొమ్మిదేళ్లది, జాక్ డేనియల్స్. ఖాళీ చోటు ఒక్కటే, అదీ కావలిలో.

మద్యం ఇంట్లో ఉంచుకునే పరిమితిని రాష్ట్రం 2019లో మనిషికి మూడు సీసాలకు దించింది. ఈ లాగ్ అప్పటి నుంచీ ఆ లెక్క మీదే నడుస్తోంది. బర్బన్‌కు పేరున్న అమెరికా రాష్ట్రం కెంటకీలో గోడ నిండా సీసాలు పేర్చుకున్నవాళ్ల సలహాలు ఇక్కడ పనికిరావు. వాళ్లకు తప్పుడు సీసా వస్తే వెనక వరసలోకి నెట్టేస్తారు. మనకైతే తొమ్మిది చోట్లలో ఒకటి ఆరేడు నెలలు పోయినట్టే. అందుకే ఈ వేటలో సగం పని షాపుకు వెళ్లకముందే, లేబుల్ చదవడంలోనే అయిపోవాలి.

లేబుల్ మీద 'బర్బన్' అని ఉందంటే అమెరికా చట్టం కొన్నిటికి హామీ ఇస్తుంది. ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి. పీపా కొత్త ఓక్‌ది, లోపల కాల్చినది అయ్యుండాలి. ఆల్కహాల్ బట్టీలోంచి దిగేటప్పుడు 80 శాతం, పీపాలో పోసేటప్పుడు 62.5 శాతం దాటకూడదు. సీసాలో 40కి తగ్గకూడదు. రంగు కలపకూడదు. కాబట్టి ఆ ఎరుపంతా పీపా కర్రదే. 'స్ట్రెయిట్' అన్న మాట కూడా ఉంటే కనీసం రెండేళ్లు. నాలుగేళ్లు నిండకపోతే వయసు రాసి తీరాలి. అంటే 'స్ట్రెయిట్' అని ఉండి వయసు ఎక్కడా లేదంటే అది నాలుగేళ్లో ఆపైనో ఉన్నట్టు. 'బాటిల్డ్ ఇన్ బాండ్' అయితే ఇంకా గట్టి మాట. 1897 నాటి చట్టం అది: ఒకే డిస్టిలరీ, ఒకే సీజన్, కనీసం నాలుగేళ్లు, సరిగ్గా 50 శాతం. డబ్బుకు తగ్గ సరుకు కావాలంటే ముందు ఈ మాట కోసమే చూడండి.

వెనక లేబుల్ అడుగున చిన్న అక్షరాల వరస ఒకటి ఉంటుంది. ఫోన్ టార్చ్ వేసైనా చదవాల్సింది దాన్నే. 'డిస్టిల్డ్ బై' అని ఉంటే కాచింది వాళ్లే. 'బాటిల్డ్ బై', 'ప్రొడ్యూస్డ్ బై' అని మాత్రమే ఉంటే ఇంకెక్కడో కాచినది కొని సీసాల్లో నింపి ఉండొచ్చు. పేరు కెంటకీ కొండల్లా ఉండి, అడుగున 'డిస్టిల్డ్ ఇన్ ఇండియానా' అని కనిపించే సీసాలు బోలెడు. అది చెడ్డ సరుకేం కాదు, కాకపోతే పేరుకు ఇచ్చే ధర ఎందుకివ్వాలన్నదే ప్రశ్న.

ప్రూఫ్ దగ్గర మనవాళ్లు చాలామంది తడబడతారు. మన సీసాల మీద లెక్క పాత బ్రిటిష్‌ది. అందులో 100 ప్రూఫ్ అంటే 57.15 శాతం, కాబట్టి మన '75 ప్రూఫ్' 42.8 శాతం. అమెరికాలో ప్రూఫ్ అంటే శాతానికి సరిగ్గా రెట్టింపు. వాళ్ల 80 ప్రూఫ్ 40 శాతమే. అంటే మన 75 వాళ్ల 80 కన్నా ఘాటు. ప్రూఫ్ పక్కన పెట్టి శాతం ఒక్కటే చూస్తే గొడవ ఉండదు.

ఒంగోలు అరలో జాక్ డేనియల్స్ ఏం చేస్తోందని అడిగేవాళ్లుంటారు. కాచిన సారాను పీపాలో పోయకముందే మేపుల్ బొగ్గు గుండా బొట్టు బొట్టుగా దించుతారు, లేబుల్ మీద 'బర్బన్' అనకుండా 'టెన్నెసీ విస్కీ' అనే రాసుకుంటారు. పక్కన పెట్టి పోల్చడానికి ఒకటి ఉంచాం. ఖాళీ అయితే మళ్లీ కొనం.

ఫిబ్రవరి

13వ తేదీన కేంద్రం బర్బన్ మీద దిగుమతి సుంకాన్ని 150 శాతం నుంచి 100కి తగ్గించింది. ధర మూడో వంతు పడిపోతుందని లెక్కలు కట్టుకోవద్దు. సుంకం వేసేది దిగుమతి విలువ మీద. దాని మీద రాష్ట్ర పన్నులు, పంపిణీదారు, షాపు మార్జిన్ ఉంటాయి. అవేవీ దీంతో తగ్గలేదు. షాపుల్లో ఉన్నది పాత సుంకం కట్టి తెచ్చిన సరుకే కాబట్టి అది అయిపోయేదాకా ఆ తగ్గిన కాస్తా కనిపించదు. నెల్లూరు, ఒంగోలు షాపుల్లో జిమ్ బీమ్, జాక్ డేనియల్స్ దాటి అడిగితే చేతులు తిప్పడమే ఎక్కువ. ఒకే షాపులో నెలకోసారి అడిగి ఉంచడం మేలు. దిగుమతి సరుకు పెట్టెలు ఏ వారం దిగుతాయో కౌంటర్ దగ్గరున్న మనిషికే తెలుస్తుంది.

మార్చి

డాలస్ నుంచి బంధువు వస్తున్నారు. కావలి ఖాళీకి అవకాశం ఇదే. బర్బన్ అంటే తెలియనివాళ్లకు పంపే మెసేజ్ ఇలా ఉండాలి:

"అన్నా, ఆదివారం వెళ్లొద్దు, టెక్సాస్‌లో ఆ రోజు లిక్కర్ షాపులు తెరవరు. మొదట ఎలైజా క్రెయిగ్ బారెల్ ప్రూఫ్ అడుగన్నా, 80 డాలర్ల లోపయితేనే. లేకపోతే ఫోర్ రోజెస్ సింగిల్ బారెల్, 50 లోపు. అదీ లేకపోతే వైల్డ్ టర్కీ 101. బ్లాంటన్స్ వందన్నర అంటే వదిలెయ్. డబ్బులు కట్టకముందు ముందూ వెనకా ఫొటో పెట్టన్నా."

మూడు పేర్లు, వరస, మొదటి రెండింటికి గరిష్ఠ ధర. ఇంతకు మించి రాస్తే కంగారుపడి షాపువాడు చేతిలో పెట్టిందే తెస్తారు. పెన్సిల్వేనియా, వర్జీనియా, ఒహాయో లాంటి చోట్ల మద్యం వ్యాపారం రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉంటుంది. అక్కడ ధర ఒకటే కానీ అరుదైన సీసాలకు లాటరీ వేస్తారు. అక్కడి బంధువును అరుదైనవి అడగడం ఆ మనిషి వారాంతాన్ని పాడుచేయడమే.

వచ్చింది ఎలైజా క్రెయిగ్ బారెల్ ప్రూఫే (పీపాలోంచి తీసి నీళ్లు కలపకుండా నింపినది). దాని కోడ్ చదవడం తేలిక. మొదటి అక్షరం ఆ ఏడాదిలో ఎన్నో విడతో చెబుతుంది (ఎ, బి, సి), తర్వాతి అంకె నెల, చివరి రెండు సంవత్సరం. సి923 అంటే 2023 సెప్టెంబరులో వచ్చిన మూడో విడత. విడత మారితే శాతం మారుతుంది కాబట్టి ఫొటోలో కోడ్ కనిపించాలి. శాతం 70 దాటిన సీసాను విమానంలో ఎక్కించకూడదు. 24 నుంచి 70 శాతం మధ్య ఉన్నవి చెక్-ఇన్ సామానులో మనిషికి 5 లీటర్ల దాకా విమానం వాళ్లు ఒప్పుకుంటారు. కానీ మన కస్టమ్స్ సుంకం లేకుండా వదిలేది 2 లీటర్లే. 750 రెండు తెస్తే లీటరున్నర. దానికి ఒక 375 చేరిస్తే 1,875 మి.లీ., రెండు 50 మి.లీ. బుల్లి సీసాలు కూడా వేస్తే 1,975. రుచి తెలియని బ్రాండ్లను ఆ బుల్లి సీసాల్లో తెప్పించుకుంటే అరలో చోటు పాడుకాదు.

సర్దేటప్పుడు మూత చుట్టూ టేప్ వేసి, జిప్ కవర్లో పెట్టి, జీన్స్ ప్యాంటు కాలులోకి దూర్చి, పెట్టె నడిమధ్యలో అడ్డంగా పెట్టాలి. రెండు సీసాలు పక్కపక్కన తగలకూడదు. పగిలేది నేలకు తగిలి కాదు, ఒకదానికొకటి కొట్టుకుని. నిండు సీసా సుమారు కిలోన్నర తూగుతుంది, 23 కిలోల్లో అది ముందే తీసేసుకోవాలి. కొరియర్‌లో పంపమని మాత్రం ఎవరినీ అడగొద్దు. అమెరికా పోస్టులో మద్యం వేయడమే నిషేధం.

డ్యూటీ ఫ్రీలో కొనేటప్పుడు మూత కన్నా ముందు శాతం చూడాలి. ఇంటి మార్కెట్లో 45 ఉన్న బఫెలో ట్రేస్‌ను కొన్ని దేశాల్లో 40కే అమ్మారు. లీటరు సీసా చవకని సంబరపడేలోపే నీళ్లకు డబ్బు కట్టినట్టవుతుంది. దోహా, దుబాయిలో విమానం మారేవాళ్లు సీలు వేసిన సంచిని, లోపలి బిల్లును ఇల్లు చేరేదాకా విప్పకూడదు. చెన్నైలో దిగి రోడ్డు మీద వచ్చేవాళ్లు రాష్ట్రం సరిహద్దు దాటాలి కాబట్టి, అనుమతి సంగతి ముందే మన ఎక్సైజ్ స్టేషన్‌లో అడిగి తేల్చుకోవాలి. బిల్లు, బోర్డింగ్ పాస్ వెంట ఉండాలి. పక్క రాష్ట్రం షాపులో కొన్న సీసాను అనుమతి లేకుండా తేవడం ఈ లాగ్‌లో ఎప్పుడూ ఉండదు.

రోహిణి కార్తె

ఈ రెండు వారాలు సీసాలకు గడ్డుకాలం. 45 శాతం బర్బన్ 750 మి.లీ. సీసాలో 25 డిగ్రీల నుంచి 40 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 8, 9 మి.లీ. ఉబ్బుతుంది. మెడలోని గాలిని నొక్కుతుంది, ఆ గాలి బెరడు మూతను పైకి తోస్తుంది. రాత్రికి చల్లబడి మళ్లీ లోపలికి పీల్చుకుంటుంది. ఇలా రోజూ జరిగితే మూత వదులై ఆల్కహాల్ ఆవిరవుతుంది. జనవరిలో ప్రతి సీసాకూ మట్టం దగ్గర కాగితం టేప్ అంటించి తేదీ వేశాం. ఒంగోలులో మేడ మీది గది అల్మారాలో ఉన్న నాబ్ క్రీక్‌ను ఎవరూ తాకకుండానే మట్టం టేప్ గీత కన్నా మూడు మిల్లీమీటర్లు దిగింది. స్లాబు కింద పై అరలో పెట్టడమే తప్పు. కింది గదికి, నేలకు దగ్గరి అరకు మార్చాక మట్టం కదల్లేదు.

అటక వద్దు, వంటగది వద్దు, ఎండ పడే గాజు అల్మారా అసలే వద్దు. సీసా నిలబెట్టే ఉంచాలి. వైన్‌లా పడుకోబెడితే ఈ ఘాటుకు బెరడు నాని పొడైపోతుంది. నెలకోసారి ఒక్క క్షణం వంచి మూత తడిపితే చాలు. మూత మీద పారాఫిల్మ్‌ను (సాగే మైనపు పట్టీ) సాగదీస్తూ రెండు చుట్లు వేస్తే బాగా పట్టుకుంటుంది. సాగదీయకుండా చుడితే అది ఊరికే కాగితం.

ఆగస్టు

వుడ్‌ఫర్డ్ మూత సగానికి తెగి సగం మెడలో ఉండిపోయింది. మూతను తిప్పకుండా నేరుగా లాగితే జరిగేది ఇదే. ముందు కాస్త తిప్పి, పట్టు వదిలాక లాగాలి. మిగిలిన ముక్కలోకి కార్క్ స్క్రూను నిదానంగా, ముక్కను కిందికి నెట్టకుండా దించి తీయాలి. లోపల పడ్డ పొడికి కాఫీ ఫిల్టర్ కాగితం సరిపోతుంది. పలచని గుడ్డ వాడితే ముందు వేడినీళ్లలో ఉడికించాలి, లేకపోతే గంజి వాసన పట్టేస్తుంది. ఖాళీ అయిన ప్రతి సీసా మూతనూ దాచుకోండి, ఇలాంటప్పుడు వాటిలో ఏదో ఒకటి సరిపోతుంది.

ఇదే నెలలో ఒక పరిచయస్తుడి ద్వారా బ్లాంటన్స్ ఉందని కబురొచ్చింది. ఫొటోలు అడిగితే మూడు వచ్చాయి, మూడూ ముందువైపే. బ్లాంటన్స్ లేబుల్ మీద పీపాను ఖాళీ చేసిన తేదీ, పీపా నంబరు, గోదాము హెచ్, ర్యాక్ నంబరు రాసి ఉంటాయి. మూత మీద గుర్రం, రౌతు బొమ్మ ఉంటుంది. కాళ్ల దగ్గర ఒక అక్షరం ఉంటుంది, ఎనిమిది మూతలు చేరిస్తే బ్రాండ్ పేరు పూర్తవుతుంది. పంపిన ఫొటోలో తేదీ గడి అలికినట్టుంది, మెడ మీది కాగితం పట్టీ అంచు లేచి కింద రెండో జిగురు మరక కనిపిస్తోంది. ఖాళీ సీసాలు కొని చవక సరుకు నింపేవాళ్లు ఈ పట్టీ దగ్గరే దొరికిపోతారు. వద్దన్నాం. సరుకు అసలుదే అయినా లైసెన్సు లేని మనిషి దగ్గర కొనడం, అమ్మడం నేరమే. మన ఖాళీ సీసాల లేబుళ్ల మీద కూడా మేకుతో అడ్డంగా గీసే పారేయాలి.

అక్టోబరు

నకిలీ మద్యం కేసు తర్వాత రాష్ట్రం ఎక్సైజ్ సురక్ష యాప్ తెచ్చింది. షాపులో కొన్న ప్రతి సీసా మీది క్యూఆర్ కోడ్‌ను కౌంటర్ దగ్గరే స్కాన్ చేయాలి, ఇంటికొచ్చాక కాదు.

నీళ్ల లెక్క. బారెల్ ప్రూఫ్ సీసాను నేరుగా తాగి మండిందనడం దానికి అన్యాయం. సూత్రం ఇదే: ఉన్న మి.లీ.ను ఉన్న శాతంతో గుణించి, కావలసిన శాతంతో భాగిస్తే మొత్తం ఎంత కావాలో వస్తుంది. 62 శాతం ఉన్న 30 మి.లీ.ను 50కి దించాలంటే 37.2, అంటే 7.2 మి.లీ. నీళ్లు. వైల్డ్ టర్కీ 101 (అమెరికా 101 ప్రూఫ్, అంటే 50.5 శాతం) 30 మి.లీ.ను 45కి దించడానికి 3.7 మి.లీ. మందుల షాపులో దొరికే 5 మి.లీ. సిరంజి, సూది లేకుండా, దీనికి సరిగ్గా సరిపోతుంది. బోరు నీళ్లు వద్దు, ఆ ఉప్పదనం గ్లాసులో తెలుస్తుంది. నీళ్లు కలిపి ఐదు నిమిషాలు ఆగాలి. రుచి చూడడం భోజనానికి ముందే. చేపల పులుసు తిన్న నాలుకకు వెనిల్లా, పీపా కర్ర వాసన అందవు.

46 శాతం లోపు ఉండి, చల్లార్చి వడకట్టని బర్బన్‌ను ఫ్రిజ్‌లో పెడితే మబ్బు పట్టినట్టవుతుంది. పాడైనట్టు కాదు. బయట పెడితే తేటపడుతుంది.

డిసెంబరు

జిమ్ బీమ్ 2026లో క్లెర్మాంట్‌లోని ప్రధాన డిస్టిలరీలో కాచడం ఆపుతున్నట్టు ప్రకటించింది. కెంటకీ గోదాముల్లో కోటిన్నరకు పైగా పీపాలు నిండి ఉన్నాయి. అంటే మామూలు బ్రాండ్లకు కొరత ఉండదు. 'ఇక దొరకదు' అని ఎవరైనా తొందరపెడితే వచ్చే ఏడాది నింపాదిగా కాదనొచ్చు.

అరల్లో ఏడు. జిమ్ బీమ్, జాక్ డేనియల్స్ అయిపోయాయి. వుడ్‌ఫర్డ్ పావు వంతుకు దిగింది కాబట్టి 180 మి.లీ. గాజు సీసాలోకి మార్చి అంచుదాకా నింపాం, గాలి తగ్గితే రుచి నిలుస్తుంది. ఖాళీలు రెండు, నెల్లూరులో ఒకటి, ఒంగోలులో ఒకటి. సంక్రాంతికి వచ్చేవాళ్లకు మెసేజ్ వెళ్లింది: ఒకటి బాటిల్డ్ ఇన్ బాండ్, 30 డాలర్ల లోపు. రెండోది ఫోర్ రోజెస్ సింగిల్ బారెల్, ఒంగోలుదాని పక్కన పెట్టి పీపాకూ పీపాకూ తేడా చూడడానికి.