మావాడి పందికొక్కు

మావాడికి పదేళ్లు. పుట్టిందీ పెరిగిందీ చెన్నైలోనే. బడిలో తమిళం, ఇంగ్లీషు. కింద ఆడుకునేటప్పుడు ఆ రెండూ కలిపి కొట్టిన భాష. తెలుగేమో నాతోనూ, ఫోన్లో అమ్మమ్మతోనూ, అదీ పొదుపుగా.

మొన్న సెలవులకి అమ్మ తెనాలి నుంచి వచ్చింది. వాడు గారెలు నోట్లో కుక్కుకోవడం చూసి, "ఒరేయ్, పందికొక్కులా మెక్కకురా, గొంతు పట్టుకుంటుంది" అంది.

వాడు నొచ్చుకోలేదు, మాటని విడదీశాడు. పంది అంటే తమిళంలో పన్ని, అంతవరకు బాగానే ఉంది. కొక్కు అంటే తమిళంలో కొంగ. "పందికొంగా?" అన్నాడు. అమ్మ నవ్వలేక కూర్చుండిపోయింది. మనకి కొక్కు అంటే పెద్ద ఎలుకరా, మీ పెరుచ్చాళి అదే, అని చెప్పాను.

నువ్వాడే వీడియోగేమ్ క్రాష్ బాండికూట్‌లో పేరు కూడా ఇదేనంటే నమ్మలేదు. హాబ్సన్-జాబ్సన్ తీసి చూపించాను. ఇంగ్లీషులో కలిసిన మన దేశపు మాటలకి 1886లో వచ్చిన నిఘంటువు. రాసిన ఇద్దరిలో బర్నెల్ మద్రాసు సివిల్ సర్వీసువాడే. బాండికూట్ తెలుగు పందికొక్కు నుంచి వచ్చిందనీ, అర్థం పంది ఎలుక అనీ అందులో ఉంది. ఆ పేరే ఆస్ట్రేలియాకీ వెళ్లింది. అక్కడి బాండికూట్ అసలు ఎలుకే కాదు, కంగారూలా పిల్లల్ని సంచిలో మోసే జంతువు. చూపుకి మన పందికొక్కులా ఉందని తెల్లవాళ్లు ఆ పేరు తగిలించారు. 1996లో వచ్చిన ఆటలో హీరో ఆ ఆస్ట్రేలియా బాపతు.

"అంటే అది మన మాటా?" అని రెండుసార్లు అడిగాడు. 'మన' అన్నాడే అని మురిశాను గానీ పైకి అనలేదు. అంటే మళ్లీ క్లాసు మొదలుపెట్టావంటాడు. అక్షరాల పుస్తకాలు, వేమన పద్యాలు పట్టుకుని వాడి వెనక పడి ఎన్ని ఆదివారాలు పాడుచేశానో!

ఇక అమ్మ అందుకుంది. వరి కోతలయ్యాక గట్ల మీద బొరియలు తవ్వితే, పందికొక్కులు కొరికి దాచుకున్న కంకులు దొరికేవట. ఎంత లోతు? కరుస్తుందా? అమ్మకి ఇంగ్లీషు రాదు కాబట్టి అన్నీ తెలుగులోనే అడగాల్సి వచ్చింది. బొరియ అనే మాట నోరు తిరక్క చేత్తో నేల తవ్వి చూపించాడు.

ఆ రాత్రి గేటు దగ్గర డ్రైనేజీ మూత పక్కనుంచి ఒకటి పరిగెత్తింది. "పెరుచ్చాళి!" అని అరిచాడు పక్కింటి కుర్రాడు.

"కాదు, పందికొక్కు" అని దిద్దాడు మావాడు.

"కొక్కా? ఎంగ?" అంటూ ఆ పిల్లాడు ఆకాశం కేసి చూశాడు.