51వ కీర్తన: ఐదో వచనం దగ్గరే ఆగిపోతే

ఈస్టరుకు ముందొచ్చే శ్రమకాలం రాగానే మన గుళ్లలో బైబిల్లోని 51వ కీర్తన వినిపిస్తుంది. చిక్కంతా ఐదో వచనం దగ్గరే: "నేను పాపములో పుట్టినవాడను పాపములోనే నా తల్లి నన్ను గర్భమున ధరించెను." దీన్నొక్కదాన్నే విడిగా తీసి బోధిస్తే నింద తల్లి మీదికీ దాంపత్యం మీదికీ పోతుంది. లేదంటే "పుట్టుకే అంత, నన్నేం చేయమంటారు" అని తప్పించుకోవడానికి సాకవుతుంది.

కీర్తన నడిచే వరస మాత్రం ఈ రెంటికీ చోటివ్వదు. నాతాను ప్రవక్త వచ్చి నిలదీశాక దావీదు రాజు రాసినదని పైనున్న శీర్షికే చెబుతోంది. ఊరియా భార్య బత్షెబతో వ్యభిచరించిన సంగతి, ఊరియాను చంపించిన సంగతి అప్పటికే బయటపడ్డాయి. "నా అతిక్రమములు నాకు తెలిసేయున్నవి" అని మూడో వచనంలో ఒప్పుకున్నాకే ఐదోది వస్తుంది. చేసిన పనికి బాధ్యుడు తానేనన్న తర్వాతే దావీదు దాని వేరు ఎంత లోతున ఉందో తవ్వుకుంటున్నాడు.

ఈ వేరు గురించే 5వ శతాబ్దంలో పెద్ద తగువైంది. "నీవు ఆజ్ఞాపించేది నాకు అనుగ్రహించు, ఆపైన నీకిష్టమైనది ఆజ్ఞాపించు" అన్న ఉత్తర ఆఫ్రికా బిషప్పు ఆగస్టీన్ ప్రార్థనను రోములో ఎవరో వినిపిస్తే, బ్రిటన్ నుంచి వచ్చిన సన్యాసి పెలాగియస్ మండిపడ్డాడు. మన చేతకానిది దేవుడు ఎందుకు ఆజ్ఞాపిస్తాడు? ఆదాము చెడ్డ మాదిరి చూపాడు, అంతేగాని మనకు పాపం అంటగట్టలేదన్నది అతని వాదన. తీసిపారేసే మాట కాదది. తండ్రి దోషశిక్ష కొడుకు మోయడనే యెహెజ్కేలు 18:20 ఆ పక్షానికే బలం. 415లో పాలస్తీనాలోని దియొస్పొలి బిషప్పుల సభ పెలాగియస్‌ను నిర్దోషి అనే పంపింది. 418లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ సభ మాత్రం, ఆదాము పాపం పుట్టుకతోనే అందరికీ సంక్రమిస్తుందన్న ఆగస్టీన్ వైపు నిలిచింది.

ఇంకా మాటలు రాని పసివాడు, తనతోపాటు పాలు తాగే మరో బిడ్డను చూసి ముఖం పాలిపోయి కోపంగా చూడటం ఆగస్టీన్ గమనించాడు. చూసినది నిజమే. దాన్నిబట్టి బాప్తిస్మం పొందకుండా చనిపోయిన పసివాళ్లకూ శిక్ష, అదీ అతి తేలికైనదైనా సరే, ఉందనడం దగ్గర ఆయన గీత దాటాడనిపిస్తుంది. ఇలా పుట్టుకతో వచ్చే జన్మపాపం ఆదాము సంతానంలో ఎవరికీ వ్యక్తిగత దోషం కాదని నేటి కతోలిక సత్యోపదేశమే చెబుతోంది. సంక్రమించింది మరణమూ బలహీనతా, అపరాధం కాదని తూర్పు ఆర్థొడాక్స్ సంఘాల మాట. లూథరన్ల 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన, రెండో అంశంలో, జన్మపాపం లక్షణాలు చెప్పింది: మనిషి దైవభయం లేకుండా, దేవుని మీద నమ్మకం లేకుండా, దురాశతో పుడతాడట. గుంటూరు లూథరన్లు పసిబిడ్డకు బాప్తిస్మం ఇవ్వడం, బాప్టిస్టులు బిడ్డను ప్రతిష్ఠించి ఊరుకుని, ఎదిగి తానే ఒప్పుకున్నాక ముంచడం ఈ పాత తగువుకు దూరపు చుట్టాలే.

నిజానికి పెలాగియస్‌కు ఇబ్బంది ఐదో వచనంతో కంటే పదో వచనంతోనే ఎక్కువ. "దేవా, నాయందు శుద్ధహృదయము కలుగజేయుము." గట్టిగా ప్రయత్నిస్తే సరిపోయేదైతే దావీదు ఇలా అడుక్కోనక్కర్లేదు.

ఈ కాలంలో ధ్యానించేవారు ఒకటి నుంచి నాలుగు వచనాలు చదివి ఆగి, ఫలానా రోజు, ఫలానా మనిషికి చేసిన ఫలానా తప్పు అని పేరు పెట్టి ఒప్పుకోవాలి. "అందరం పాపులమే ప్రభువా" అంటే కుదరదు, అందులో ఊరియా ఎక్కడా కనపడడు. ఐదోది ఆ తర్వాతే. పదో వచనం వచ్చేదాకా పుస్తకం మూయకూడదు.