మార్పు లేదు

కమిటీ తరఫున రావి ఫోన్ చేసింది. మనం ఒకరినొకరు పిలుచుకునేది చెట్ల పేర్లతోనే కదా. ఉస్మానియాలో మన ఎమ్మెస్సీ బోటనీ బ్యాచ్ రజతోత్సవ సంచికకు రెండు పేజీలు చాలు, హాస్టల్ సంగతులు రాయమంది. హాస్టల్ గురించి వేప నాకంటే బాగా రాస్తుంది. సాఫ్రనిన్ (స్లైడ్లకు వేసే ఎర్ర రంగు) చున్నీ కథ రాయాల్సిన మనిషి కమిటీలోనే ఉంది. మైక్రోటోమ్ (స్లైడ్లకు పల్చటి ముక్కలు కోసే యంత్రం) దగ్గర జరిగింది మోదుగ ఒప్పుకోకుండా నేను రాయలేను.

నాకు రాయడానికి ఉన్నది ఒక్క ఏడాదే. ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం గుర్తు చేసుకుందామని కూర్చుంటే, ఆల్గే స్లైడ్ల పచ్చదనం, తార్నాక బస్సు కోసం నిలబడిన సాయంత్రాలు తప్ప ఏమీ రాలేదు. రెండో సంవత్సరం మాత్రం తేదీలతో సహా ఉంది. ఎందుకంటే నోట్‌బుక్ ఉంది.

2000 జూలైలో ఆ సోమవారం మన సార్ కళ్లజోడు డబ్బాలోంచి చీటీలు తీయించారు కదా, ఒక్కో చీటీలో ఏడాదంతా మనం గమనించాల్సిన ఒక చెట్టు పేరు. రేల వచ్చినమ్మాయి అక్కడికక్కడే గంతేసింది. మోదుగ, రావి, చింత, వేప, ఏడాకుల పాల, ఎవరి చీటీ చూసినా ఏదో ఒక విశేషం. నా చీటీలో కానుగ. మా బడి ముందు కానుగ, మా బస్టాండులో కానుగ, మా నాయనమ్మ దీపంలో పోసింది కానుగ నూనె. దాన్ని చూడటానికి హైదరాబాద్ దాకా రావాలా అనిపించి, క్లాసయ్యాక వెనకాలే వెళ్లి వేరే చెట్టు ఇప్పించమని అడిగాను.

"కానుగ తెలుసా నీకు?" అన్నారు.

"చిన్నప్పటి నుంచి తెలుసు సార్."

"పూత రాలినాక కాయ ముదరడానికి ఎన్నాళ్లు పడుతుందమ్మా?"

నాకు తెలియదు. దాదాపు ఏడాది పడుతుందని, కొత్త పూత వచ్చే వేళకు కూడా పోయినేటి కాయ కొమ్మకే ఉంటుందని ఆయన చెప్పలేదు. "చూసి చెప్పు" అని వెళ్లిపోయారు. పదిహేనేళ్లు దాని నీడలో నిలబడి ఆ ఒక్క సంగతి చూడలేదని ఆ రాత్రి చాలాసేపు అనుకున్నాను.

మర్నాడు మనందరినీ బండల మీదికి తీసుకెళ్లారు. 1939లో తెరిచిన ఆర్ట్స్ కాలేజీ మనకు పాతదిగా కనిపిస్తుంది, దాని గోడల్లో ఉన్న గ్రానైట్ వయసు మాత్రం సుమారు 250 కోట్ల ఏళ్లు అన్నారు. "అట్లాంటి బండ మీద పల్చటి మట్టి. అందులో వేరు పోనిచ్చి, రాతి పగులు వెతుక్కుని మీ చెట్టు బతుకుతోంది. వారానికి రెండుసార్లు వెళ్లి దాన్ని పలకరించడం మీకు కష్టమా?" ఆ మాట అన్నప్పుడు ఆయన గొంతు ఎట్లా ఉందో మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది.

అప్పటి నుంచి ప్రతి సోమవారం హాజరుకు బదులు అదే ప్రశ్న: "చెట్టు ఏమంటోంది?" ముదురాకు ఎంత, లేతాకు ఎంత, మొగ్గ, పువ్వు, కాయ, ఒక్కోదానికి పదికి ఇన్ని మార్కులని మనం చదవాలి. మనల్ని చెట్ల పేర్లతో పిలవడం మొదలైంది అప్పుడే. ఇరవై అయిదేళ్లయినా మన గ్రూపులో పుట్టినరోజు శుభాకాంక్షలు ఆ పేర్లతోనే వస్తున్నాయి.

"తెలిసింది రాయొద్దు, కనబడింది రాయండి" అని రోజూ చెప్పేవారు. జపాన్‌లోని క్యోటోలో చెర్రీ పూసిన తేదీలు 9వ శతాబ్దం నుంచి నమోదై ఉన్నాయని, అవి రాసినవాళ్లు వాతావరణ మార్పు అన్న మాటే ఎరగరని, చూసింది చూసినట్టు రాశారు కాబట్టే ఈనాటి శాస్త్రవేత్తలకు అవి పనికొస్తున్నాయని చెప్పారు. నేను ఆ వాక్యం నోట్‌బుక్ మొదటి పేజీలో గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాను. రాసుకోవడం వేరు, పాటించడం వేరు.

ఆగస్టు 24 వాన ఎవరూ మరిచిపోలేదు. ఒక్క రోజులో 24 సెంటీమీటర్లు. హుస్సేన్‌సాగర్ కింది కాలనీల్లోకి నీళ్లొచ్చాయి, మనవాళ్లలో ఇద్దరి గదుల్లో పుస్తకాలన్నీ తడిసిపోయాయి. తెరిపి ఇచ్చాక సార్ ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, గొడుగు కర్రతో నీటి లోతు చూసుకుంటూ ఒక్కో చెట్టు దగ్గరికీ వెళ్లారు. మనం ఆయన వెనక. తురాయి వేళ్లతో సహా పడిపోతే తురాయమ్మాయి ఏడ్చింది. "పడిపోయిందని రాయి. ఎటు పడిందో, వేరు ఎంత లోతుందో కొలిచి రాయి" అన్నారు. తను ఏడుస్తూనే కొలిచింది.

నా కానుగకు ఏమీ కాలేదు. రెండు పెద్ద కొమ్మలు చీలే చోట జానెడు పగులు కనిపించింది. 26వ తేదీ పేజీలో రాశాను: "తూర్పు కొమ్మ మొదట్లో పగులు, ఒక జానెడు."

ఇక్కడి నుంచి రాయడానికే ఈ రెండు పేజీలు ఒప్పుకున్నాను.

సెప్టెంబరంతా కానుగలో ఏ కదలికా లేదు. ముదురాకు పదికి పది, ఆకుల మీద పురుగు తొలిచిన తెల్లమచ్చలు, పచ్చి కాయలు. ప్రతి పేజీలోనూ "మార్పు లేదు" అని రాస్తూ వచ్చాను. బతుకమ్మకు ఇంటికి వెళ్లాలి, మధ్యలో నాలుగు ఎంట్రీలు పోతాయి. కానుగ సంగతి తెలిసిందే కదా అనుకుని, బయల్దేరే ముందు రాత్రి హాస్టల్ మంచం మీద కూర్చుని ఆ నాలుగు తేదీలూ వేసి, నాలుగింటికీ "మార్పు లేదు" అని రాసేశాను. రెండింటికి వేరే పెన్ను కూడా వాడాను. ఊళ్లో తంగేడు, గునుగు తెంపుతూ మా చెల్లెళ్లకు కేసరాలు, అండాశయం చూపించి మెచ్చుకోలు పొందాను. హైదరాబాద్‌లో నా చెట్టు ఒక్కసారి కూడా గుర్తుకు రాలేదు.

దసరా తర్వాత మొదటి సోమవారం సార్ నా నోట్‌బుక్ తీసుకుని ఆ పేజీలు రెండుసార్లు చదివారు. క్లాసులో ఏమీ అనలేదు. మధ్యాహ్నం "రామ్మా, కానుగ దాకా పోయొద్దాం" అన్నారు. దారి పొడుగునా మా ఊరి పంటల గురించి అడిగారు, పత్తి ఎట్లుంది, నీళ్లున్నాయా అని. నేను ఉత్సాహంగా చెబుతూ నడిచాను.

మలుపు తిరగ్గానే నాకు మాట ఆగిపోయింది. తూర్పు కొమ్మ లేదు. చెట్టుకు సగం ఆకాశం తెరుచుకుని ఉంది. కింద రంపపు పొట్టు, కాండం మీద నా చేతి పొడవున తెల్లటి గాయం. నేను ఇంటికి వెళ్లిన నాలుగో రోజు రాత్రి గాలివానకు విరిగిందట. పగులు చూసిందీ, చూసినట్టు రాసిందీ నేనే. కొమ్మ కూలిన నాటి పేజీలో "మార్పు లేదు" అని రాసిందీ నేనే.

సార్ సంచీలోంచి ఒక హెర్బేరియం షీటు తీశారు. కూలిన కొమ్మ నుంచి ఒక రెమ్మ, కాయలతో సహా, ఎంతో శ్రద్ధగా ఒత్తి అతికించి ఉంది. తేదీ ఉంది, స్థలం ఉంది, "సేకరించినవారు" దగ్గర ఆయన పేరు ఉంది. మన షీట్లలో ఎక్కడా ఆయన పేరు ఉండేది కాదు, అన్నీ మన పేర్లే. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆ నాలుగు పేజీలు చింపి మళ్లీ రాస్తానన్నాను.

"చింపొద్దు. ఎన్నటికీ చింపొద్దు. దాని కింద ఇవాళ చూసింది రాయి" అన్నారు.

అక్కడే మట్టిలో కూర్చుని రాశాను. గాయం పొడవు, వెడల్పు, బెరడు అంచు రంగు, కారిన జిగురు. ఆయన పక్కన బండ మీద కూర్చుని ఎదురు చూశారు. ఎవరితోనూ ఈ మాట అనలేదు. మీలో చాలామందికి ఈ సంగతి ఇప్పుడే తెలుస్తోంది.

ఆ తర్వాత నేను వారానికి రెండుసార్లు కాదు, రోజూ వెళ్లాను. నవంబరు మూడో వారంలో గాయం అంచున గోధుమ గింజంత ఎర్రటి మొగ్గలు, లెక్కపెడితే పదకొండు. డిసెంబరుకు జానెడు రెమ్మలు. ఫిబ్రవరిలో చెట్టంతా పండుబారి ఆకు రాల్చింది, ఆ కొత్త రెమ్మలు మాత్రం ఒక్క ఆకూ విడవలేదు. అది చెప్పిన సోమవారం సార్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "నాకు తెలియదమ్మా ఇది. ఇంకోసారి చదువు" అన్నారు. ఉగాదికి చెట్టు మొత్తం లేతాకుతో నూనె రాసినట్టు మెరిసింది. ఏప్రిల్‌లో లేత ఊదారంగు పూత, దాని పక్కనే పోయినేటి ఎండు కాయలు. జూలైలో అడిగిన ప్రశ్నకు జవాబు అప్పుడు చెప్పాను.

పరీక్షలు, వీడ్కోలు, ల్యాండ్‌స్కేప్ గార్డెన్‌లో గ్రూప్ ఫొటో, అవన్నీ మిగతావాళ్లు రాస్తారు.

మా ఇంట్లో పీజీ చదివిన మొదటి మనిషిని నేను. ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతూ, పోయినేడు నుంచి ప్రిన్సిపాల్ బాధ్యత కూడా చూస్తున్నాను. చేరిన మొదటి ఏడాది నుంచి చీటీలు తీయిస్తున్నాను. ఇప్పుడు పిల్లలు వారం వారం తమ చెట్టు వివరాలు ఫోన్లోంచి సీజన్‌వాచ్‌కు (చెట్ల పూత, కాయల వివరాలు జనం నుంచి సేకరించే కార్యక్రమానికి) కూడా పంపుతారు. అయినా నోట్‌బుక్ తప్పనిసరి. బీరువాలో మూడు అరలు వాటితో నిండాయి. నా విద్యార్థిని ఒకమ్మాయి చింత చిగురు మీద పరిశోధన చేస్తోంది. కూలి పనికి వెళ్లే తల్లి కూతురు. ఆమె సినాప్సిస్ మొదటి పేజీ నాకు పంపిన రోజు నేను అన్నం తినలేకపోయాను, అంత సంతోషం.

ప్రతి బ్యాచ్‌కూ మొదటి రోజు ఆ అక్టోబర్ పేజీ చూపిస్తాను. నాలుగు "మార్పు లేదు"లు, రెండు రంగుల ఇంకు, దాని కింద మట్టి మరక.

సార్‌తో ఆఖరుసారి ఫోన్లో మాట్లాడినప్పుడు ఆయన గొంతు బాగా సన్నబడింది. నన్ను పోల్చుకోవడానికి కొంచెం సమయం పట్టింది. "కానుగను సార్" అన్నాక, "ఆఁ, చెట్టు ఏమంటోంది?" అన్నారు. మా కాలేజీ గేటు దగ్గరి కానుగ పూతలో ఉందని చెప్పాను. పదికి ఎంత అని అడిగారు. ఆరు అన్నాను.

సమ్మేళనం ఏప్రిల్‌లో పెట్టినందుకు కమిటీకి కృతజ్ఞతలు. సభ పదింటికి కదా, నేను ఏడింటికే కానుగ దగ్గర ఉంటాను. తురాయి పడిన చోట ఇప్పుడేముందో చూడాలని ఆ అమ్మాయి కెనడా నుంచి మెసేజ్ పెట్టింది, తనూ నాతో వస్తోంది. ఎవరి దగ్గరైనా పాత నోట్‌బుక్ ఉంటే వెంట తెచ్చుకోండి. లేనివాళ్ల కోసం నేను కొత్తవి తెస్తాను.