గుండ్లకమ్మ ఒడ్డు దాకా

డిసెంబరు 31 రాత్రి నెల్లూరులో మా సంఘపు ఆరాధన ముగిసేసరికి పన్నెండున్నర దాటింది. అందరూ ఒకరికొకరు కొత్త సంవత్సరపు శుభాకాంక్షలు చెప్పుకొని ఇళ్లకు బయలుదేరుతుంటే, నేనూ మా అత్తయ్యా ఒక చేతిసంచీ, రెండు శాలువలు, ఒక నీళ్ల సీసా పట్టుకొని రైల్వే స్టేషను దారి పట్టాము. ఇంటి దగ్గర మా వారిని చూసుకోవడానికి ఆడపడుచు వచ్చి ఉంది. ఆయనకు పక్షవాతం వచ్చి అప్పటికి రెండు సంవత్సరాల నాలుగు నెలలు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. పోయిన మాట కొద్దికొద్దిగా తిరిగి వస్తోంది. అన్నాళ్లలో నేను ఒక్క రాత్రి కూడా ఆయనను విడిచి ఉండలేదు. క్రిస్మసుకు ముందు అత్తయ్య, "అమ్మాయ్, ఒక్కసారి ఒంగోలు ప్రార్థన కొండ ఎక్కి వద్దాం. నా కాళ్లు ఇంకెన్నాళ్లు ఆడతాయో తెలియదు" అని అడిగినప్పుడు, డెబ్భై నాలుగేళ్ల ఆమె మాట తీసివేయలేక ఒప్పుకొన్నానే తప్ప నాలో ఏ ఉత్సాహమూ లేదు.

ఉత్సాహం లేకపోవడానికి కారణం ఉంది. జబ్బు చేసిన మొదటి ఏడాది, ఎవరో చెబితే ఆయనను చక్రాల కుర్చీలో కూర్చోబెట్టుకొని ఒక స్వస్థత కూటానికి తీసుకువెళ్లాము. బోధకుడు ఆయన తల మీద చెయ్యి ఉంచి గట్టిగా ప్రార్థించి, లేచి నడవమన్నారు. ఆయన లేవలేకపోయేసరికి, ఈ ఇంట్లో ఎవరికో విశ్వాసం కొదువగా ఉందని అంతమంది ముందు అన్నారు. ఆ మాట నన్ను చాలా కాలం తొలిచింది. రాత్రివేళ ఆయన వేళ్లను ఒక్కొక్కటిగా చాపి మడిచే వ్యాయామం చేయిస్తూ, ఆ కొదువ నాదేనా అని నన్ను నేనే విచారించుకొనేదాన్ని. ప్రార్థన మానలేదు కానీ, నాకు తెలియకుండానే అందులోకి బేరం చొరబడింది. ఈ నెలాఖరుకు చెయ్యి లేవాలి, ఈస్టరుకు గుడి దాకా నడవాలి అని ప్రభువుకు గడువులు పెట్టి, గడువు తప్పిన ప్రతిసారీ కుంగిపోయేదాన్ని.

రైలు ఒంగోలు చేరేటప్పటికి ఇంకా చీకటిగానే ఉంది. స్టేషను బయట టీ తాగి, ఆటో మాట్లాడుకొని కొండ మొదటికి చేరాము. మాలాగే వచ్చినవారు మరికొందరు ఉన్నారు. ఒక తండ్రి నిద్రపోతున్న పాపను భుజాన వేసుకొని ఎక్కుతున్నాడు. అత్తయ్య ఒక చేత్తో నా భుజాన్ని, మరో చేత్తో కర్రను పట్టుకొని, పది అడుగులకు ఒకసారి ఆగుతూ నడిచింది. ఎత్తైన కొండేమీ కాదు. వయసులో ఉన్నవాళ్లు చకచకా ఎక్కేస్తారు. మాకు చాలా సేపు పట్టింది.

అక్కడికి ఎందుకు వెళతారో తెలియనివారి కోసం కొంత చెప్పాలి. అమెరికా బాప్తిస్టు మిషనరీ శామ్యూల్ డే తెలుగు దేశానికి వచ్చింది 1836లో. నెల్లూరులో స్థిరపడింది 1840లో. ఏళ్లు గడిచినా సంఘంలో చేరినవారు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంత మందే. ఇంత ఖర్చు పెట్టి, ఇంత శ్రమపడి ఏమి సాధించామన్న ప్రశ్న అమెరికాలో లేచింది. 1853లో ఆల్బనీ పట్టణంలో జరిగిన సభలో నెల్లూరు మిషనును మూసివేయాలా వద్దా అన్న చర్చ వచ్చినప్పుడు, పటం మీద ఒంటరిగా మెరుస్తున్న చుక్కలాంటి ఆ కేంద్రాన్ని ఎవరో ఒంటరి నక్షత్రం అన్నారు. ఆ పేరే నిలిచింది, మిషనూ నిలిచింది.

ఆ సంగతి ఇక్కడికి ఇంకా సరిగా చేరిందో లేదో అన్నట్టున్న రోజుల్లో, 1854 జనవరి 1న సూర్యోదయానికి ముందు, నెల్లూరు మిషనరీ లైమన్ జువెట్ దొరగారు, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు అనే పేరుగల తెలుగు విశ్వాసి, జూలియా, రూతు, ఈ ఐదుగురూ ఈ కొండ ఎక్కారు. సువార్త మోసుకు వచ్చేవాని పాదాలు పర్వతాల మీద ఎంత సుందరమైనవో చెప్పే యెషయా గ్రంథపు 52వ అధ్యాయం చదువుకొని, ఒకరి తర్వాత ఒకరు మోకరించి, ఒంగోలుకు ఒక సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. దిగే ముందు జువెట్ కింద కనబడుతున్న ఒక నేలను చూపించి, మిషను బంగళాకు ఆ స్థలం బాగుంటుంది కదా అన్నారట. ఆ స్థలమే తరువాత మిషను చేతికి వచ్చింది. ఇక్కడ నా మనసులోని మాట ఒకటి చెప్పాలి. ఈ కథ చెప్పేవారు చాలామంది దొరగారి పేరు చెప్పి ఊరుకుంటారు. ఆ చలిలో కొండ ఎక్కి నోరు తెరిచి తెలుగువాళ్ల కోసం తమ భాషలో ప్రార్థించిన జూలియా, రూతుల పేర్లు కూడా ప్రతిసారీ పలకాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. అత్తయ్య ఆ పేర్లను పలికింది. పైకి చేరి, శాలువ పరచిన రాతి మీద కూర్చొని, "జూలియమ్మా, రూతమ్మా, ఇక్కడేనా మీరు మోకరించింది" అని, నేల మీద అరచెయ్యి ఆనించి కాసేపు అలాగే ఉండిపోయింది.

తూర్పు ఎర్రబడింది. పక్కన కొందరు పాట అందుకొన్నారు. నేను మాత్రం ఏమీ అడగలేకపోయాను. అడగడానికి నోరు తెరిస్తే మళ్లీ గడువే వస్తుందన్న భయం కలిగి, మౌనంగా ఆ ఐదుగురి లెక్క వేసుకొంటూ కూర్చున్నాను. వారు ప్రార్థించిన ఏడాది ఎవరూ రాలేదు. మరుసటి ఏడాదీ రాలేదు. 1862లో జువెట్ ఆరోగ్యం చెడి అమెరికా వెళ్లినప్పుడు, మిషనును వదులుకొందామని అక్కడివారు మళ్లీ అన్నారు. మీరు వదిలినా నేను తిరిగి వెళ్లి తెలుగువాళ్ల మధ్యే బతికి, అవసరమైతే అక్కడే చనిపోతానని ఆయన అన్నారనీ, అయితే మిమ్మల్ని క్రైస్తవ మర్యాదతో పాతిపెట్టడానికైనా ఇంకొకరిని పంపాల్సిందేనని అక్కడి మిషను సంస్థ కార్యదర్శి బదులిచ్చారనీ మా ఇళ్లలో తరతరాలుగా చెప్పుకొంటారు. అలా జువెట్ వెంట 1865లో వచ్చిన మిషనరీయే జాన్ ఎవరెట్ క్లౌ. ఒంగోలులో సంఘం ఏర్పడింది 1867 జనవరి 1న, ఎనిమిది మంది సభ్యులతో. కొండ మీది ప్రార్థనకూ ఈ ఎనిమిది మందికీ మధ్య సరిగ్గా పదమూడేళ్లు.

నేను పాఠశాలలో తెలుగు చెబుతాను. నిరీక్షణ అంటే ఎదురుచూడటం అని పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను. మా బైబిలులో విశ్వాసం, ప్రేమలతో కలిపి చెప్పే మూడవ మాట కూడా నిరీక్షణే. అక్కడ దాని అర్థం ఆశ. చిన్నప్పటి నుంచి రెండు అర్థాలూ తెలిసినవే అయినా, అవి ఒకే మాటలో ఎందుకు ఉన్నాయో ఆ ఉదయం దాకా నేను ఆలోచించలేదు. ఎదురుచూపు లేని ఆశను నేను రెండేళ్లుగా దేవుని దగ్గర అడుగుతూ వచ్చాను. ఓర్పు నుంచి నిరీక్షణ పుడుతుందని పౌలు రోమీయులకు రాసిన వరుసలో, మొదట ఉన్న శ్రమను దాటవేసి చివరిది మాత్రం ఇమ్మన్నాను.

కొండ దిగి, ఇడ్లీ తిని, వెల్లంపల్లికి బయలుదేరాము. ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఊరు అది. దారి పొడుగునా అత్తయ్య తన జేజమ్మల కథ చెప్పింది. మాది మాదిగ వాడ నుంచి వచ్చిన కుటుంబం. మా ప్రాంతంలో ఈ విశ్వాసానికి తొలి దారి వేసినది కూడా తోళ్ల వ్యాపారం చేసిన యర్రగుంట్ల పేరయ్యే. అగ్రవర్ణాల వారు కూడా క్లౌ దగ్గరికి వచ్చారు కానీ, మాదిగలను చేర్చుకొంటే మేము రామని చెప్పారు. ఆయన మాదిగలను వదులుకోలేదు. చేరినవారికి బతుకు సుఖంగా గడిచిందని ఎవరూ అనుకోవద్దు. జాతరల్లో డప్పు కొట్టబోమని, ఆదివారం వెట్టికి రామని అన్నందుకు వారికి బావి నీళ్లు ఆపారు, పనులు ఆపారు, సంతలో సరుకు అమ్మలేదు. అయినా వెనక్కి పోనివారి మనుమరాలిగా అత్తయ్య తలెత్తుకొని మాట్లాడుతుంది.

1876లో మొదలైన కరువు అన్నిటికన్నా పెద్ద పరీక్ష. కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విస్తున్నప్పుడు, కొలతల పని తెలిసిన క్లౌ మూడున్నర మైళ్ల కాలువకు కాంట్రాక్టు తీసుకొని, ఆకలితో వచ్చిన వేలాది మందికి పని చూపించారు. బోధకులే మేస్త్రీలై పగలు మట్టి పని చేయించి, తీరిక దొరికినప్పుడు వారి మధ్య కూర్చొని సువార్త చెప్పేవారు. బాప్తిస్మం ఇమ్మని అక్కడే ఎందరో అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూడు కోసం చేరారన్న మాట వారి మీద పడకూడదని, కరువు సహాయమంతా ముగిసేదాకా పదిహేను నెలలపాటు ఒక్కరికి కూడా ఇవ్వలేదు. మీకు ఇవ్వడానికి నా దగ్గర ఇక డబ్బూ లేదు, పనీ లేదు అని చెప్పినా వారు కదలలేదు. మాకు డబ్బు వద్దు, మేము పనిచేసి బతికేవాళ్లమని మా అరచేతుల కాయలే సాక్ష్యం, చనిపోయినా క్రైస్తవులుగా చనిపోతాము అన్నారు. అడిగినది వెంటనే దొరకకపోవడమంటే అడిగినవాడి విశ్వాసంలో కొదువ ఉన్నట్టేనని నాతో చెప్పిన ఆ బోధకునికి ఈ పదిహేను నెలల సంగతి ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

వెల్లంపల్లి దగ్గర జనవరిలో నది సన్నగా ఉంది. ఇసుక మేటల మధ్య పాయలుగా పారుతున్న నీటిలో గేదెలు దిగి ఉన్నాయి. 1878 జూలై 3న ఈ నదిలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ముందు రోజు 614 మంది, మరుసటి రోజు 700 మంది. మూడు రోజులకు 3,536. అభిషేకం పొందిన ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరు నీటిలో నిలబడితే మిగిలినవారు విశ్రాంతి తీసుకొంటూ, వంతులవారీగా ఆ పని చేశారు. క్లౌ తాను నీళ్లలోకి దిగలేదు. ఒక్కొక్కరి పేరూ చదివి పిలవడం జరిగింది. ఆ పేరు చదవడం గురించే నేను ఎక్కువగా ఆలోచించాను. వాడలో అరే, ఒసే అన్న పిలుపే తప్ప పేరు వినబడని మనుషులు వరుసలో నిలబడి, తమ పేరు పైకి చదివితే విని, నడుము లోతు నీటిలోకి దిగి ఉంటారు. అత్తయ్య వాళ్ల నాయనమ్మకు అమ్మ, అప్పటికి పదమూడేళ్ల పిల్ల, ఆ వరుసలో ఉందని మా ఇంట్లో నమ్మకం. ఆమె చేతులు కూడా కాలువ మట్టి మోసినవే.

మా సంఘాల్లో నది నీళ్లను తీర్థంలా తెచ్చుకొనే ఆచారం లేదు. అత్తయ్య చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకొని పాదాలు మునిగేదాకా దిగి, నా చెయ్యి పట్టుకొని, తన కొడుకు పేరును పూర్తిగా, ఇంటిపేరుతో సహా పైకి చదివింది. అంతే, ఆమె ఇంకేమీ అడగలేదు. నేను కూడా ఆయన పేరు చదివాను. ఆ రోజు నేను చేసిన ప్రార్థన అదొక్కటే. దానికి గడువు లేదు.

సాయంత్రం రైల్లో అత్తయ్య నిద్రపోయిందనుకొన్నాను. కావలి దాటిన తరువాత కళ్లు తెరవకుండానే, "కొండ మీద కూర్చోవడానికి వీలైన చోట్లు ఐదు చూసి పెట్టాను. వాణ్ణి తీసుకొస్తే మూడో చోట ఎక్కువసేపు ఆపాలి, అక్కడి నుంచి ఎత్తు ఎక్కువ" అంది. ఎప్పుడు తీసుకొస్తామని ఆమె అనలేదు, నేనూ అడగలేదు. ఇంటికి చేరి, చేతులు కడుక్కొని, ఆయన మంచం పక్కన కూర్చొని కుడి చేతి వేళ్లను రోజూలాగే చిటికెన వేలి నుంచి మొదలుపెట్టాను. నదిలో ఎంతమంది అని ఆయన కష్టం మీద అడిగారు. చెప్పాను. ఆ అంకెను మళ్లీ చెప్పించుకొని, తానూ పలకడానికి ప్రయత్నించి, రెండు వేల దగ్గర ఆగి, మళ్లీ మొదటి నుంచి అందుకొన్నారు.