అమ్మ కంట్లో ఇంజెక్షన్ ఇంకా ఎందుకు?

"ఇన్ని ఇంజెక్షన్లు చేయించారు, చూపేమైనా పెరిగిందా?" అమ్మను చూడడానికి వచ్చిన వారందరూ అడుగుతున్నారు. పెద్దగా పెరగలేదు. అయినా మానము. ఇదే ప్రశ్న వేసుకుని మధ్యలో మానేసిన పెద్దవాళ్ళను ఆసుపత్రి వరండాలో చూశాను కాబట్టి రాస్తున్నాను.

అమ్మకు 78 ఏళ్ళు. కంటి లోపలి తెర అయిన రెటీనా నడుమ భాగం (మాక్యులా) వయసుతో దెబ్బతినే జబ్బు ఆమెది. అది మొదట బయటపడింది ముగ్గులో. చుక్కలు కలిపే గీత మధ్యలో వంకర తిరిగినట్టు కనిపిస్తోందని అంది. వీధిలో అందరూ శుక్లమే అన్నారు, ముదిరాక చూసుకోవచ్చన్నారు. శుక్లం వస్తే చూపు మసకబారుతుంది, తిన్నని గీతలు వంగవు. గీత వంగితే రెటీనా నడుమనున్న మాక్యులాను అనుమానించాలి, అదీ వెంటనే. రెటీనా పొరలను చూపే ఓసీటీ స్కాన్‌లో ఈ జబ్బే కుడి కంట్లో తడి రకం, ఎడమ కంట్లో పొడి రకం అని తేలింది. ఒక కన్ను బాగుంటే రెండో దాని లోపం తెలియదు. అందుకే ఇంట్లో పెద్దవాళ్ళతో ఒక్కో కన్నూ మూయించి, గోడ మీది క్యాలెండర్ గళ్ళు తిన్నగా ఉన్నాయేమో అడగండి.

తడి రకంలో రెటీనా కింద పుట్టకూడని రక్తనాళాలు పుట్టి నీరు, రక్తం కారుస్తాయి. వాటిని పెంచేది వీఈజీఎఫ్ అనే ప్రోటీన్. ఇంజెక్షన్ దాన్ని అడ్డుకుంటుంది, కానీ కొన్ని వారాలకే మందు బలం తగ్గుతుంది. అందుకే మొదట నెలనెలా వేసి, తర్వాత స్కాన్ చూసి ఎడం పెంచుతారు. మచ్చ కట్టిన చోట పోయిన చూపు తిరిగి రాదు. ఉన్నది పోకుండా కాపాడడానికే ఈ తిప్పలన్నీ.

అమ్మకు వేస్తున్నది బెవాసిజుమాబ్. అది పెద్దపేగు క్యాన్సర్‌కు వచ్చిన మందని తెలిసి నాన్నగారు బెంబేలెత్తారు. ఇదే జబ్బుకు వేసే, ఎన్నో రెట్లు ఖరీదైన రానిబిజుమాబ్‌తో సమానంగా ఇది చూపును నిలబెడుతుందని 2011లో అమెరికాలో జరిగిన పెద్ద పరీక్షలో తేలింది. పింఛను మీద బతికే ఇంటికి ఇది ఎంత పెద్ద కబురో! సూదికి భయపడేవారికి ఒక మాట: ముందు చుక్కలు వేసి కంటికి తిమ్మిరి ఎక్కిస్తారు. తర్వాతి రోజుల్లో నొప్పి, ఎరుపు పెరిగినా, చూపు తగ్గినా మాత్రం తెల్లారేదాకా ఆగకూడదు.

పొడి రకానికి ఈ ఇంజెక్షన్ పనిచేయదు. ల్యూటిన్, జియాక్సాంథిన్, జింకు, సి, ఇ విటమిన్లున్న మాత్రలు రాశారు. మధ్య దశలో ఉన్న జబ్బు ముదిరే అవకాశాన్ని అవి కొంత తగ్గిస్తాయి, అంతే.

ఈ మధ్య సాయంత్రాలు గోడ మీద పూలతీగలు, ఎవరో పిల్లలు కనిపిస్తున్నారని అమ్మ నాతో మెల్లగా అంది. మతి తప్పుతోందని అనుకుంటారేమోనని ఎవరికీ చెప్పలేదట. డాక్టరు గారు విని, ఇది చార్లెస్ బోనె సిండ్రోమ్ అన్నారు. కంటి నుంచి రావలసిన సమాచారం తగ్గితే మెదడే బొమ్మలు కల్పిస్తుందట. 1760లో బోనె అనే శాస్త్రవేత్త తన తాతగారి అనుభవంగా దీన్ని వర్ణించారు. ఆ తాతగారి మతి చక్కగానే ఉండేది. ఈ సంగతి వినగానే అమ్మ ముఖంలో వచ్చిన తేటదనం ఏ మందూ తేలేదు.

బంధువులకు ఒకే విన్నపం. అమ్మకు ఎదుటివారి ముఖం నడిమి భాగం కనబడదు. "నేనెవరో చెప్పు పెద్దమ్మా" అని పరీక్ష పెట్టకండి. గడపలోకి వస్తూనే మీ పేరు చెప్పండి.