అండమాన్‌లో చేపల కోసం మీసం తీసేసిన నా కథ

మొన్న ఆదివారమే అండమాన్ నుంచి విశాఖ తిరిగొచ్చాం. పై పెదవి ఇంకా మండుతోంది, అది ఆరకముందే రాసేస్తున్నాను.

విమానం, హోటలు, ఓడ టికెట్లు, అన్నీ సవ్యంగానే జరిగాయి. హేవ్‌లాక్ దీవికి 2018లో స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు గానీ అక్కడ ఇంకా పాత పేరే వాడుతున్నారు. తంటా అంతా మా ట్రావెల్ ఏజెంటు కాగితం మీద రాసిచ్చిన ఒక్క లైనుతో వచ్చింది: "ఎలిఫెంట్ బీచ్, స్నార్కెలింగ్, మధ్యాహ్నం 1.30". బీచి హేవ్‌లాక్‌లోనే. స్నార్కెలింగ్ అంటే అద్దం మాస్కు, గొట్టం పెట్టుకుని నీళ్ల మీద తేలుతూ లోపలి చేపల్ని చూడడం.

నేను ఆర్కే బీచిలో ఉప్పునీళ్లు మింగుతూ పెరిగినవాణ్ణి. "మాకు సముద్రం కొత్తేంటి" అని బయల్దేరేముందు బామ్మర్ది దగ్గర కోతలు కోశాను. మన ఒడ్డున నీళ్లు ఎప్పుడూ ఇసకతో కలిసే ఉంటాయి కాబట్టి మాస్కు పెట్టుకుని లోపలికి చూసే పని ఎన్నడూ పడలేదు.

మాస్కు పెట్టి ముఖం ముంచాను. ముక్కులోకి నీళ్లు. లేచి దగ్గాను. పట్టీ బిగించి మళ్లీ ముంచాను. మళ్లీ నీళ్లు. మూడోసారి గైడు కుర్రాడి మీద అరిచాను, నాకొచ్చిన హిందీలో. వాడు నింపాదిగా "ఏటి బాబూ, మీది వైజాగా?" అన్నాడు. వాళ్ల తాతలు శ్రీకాకుళం వైపు నుంచి వలస వెళ్లారట, ఇల్లు పోర్ట్ బ్లెయిర్ జంగ్లీఘాట్‌లో. భాష రానట్టు నటించి తప్పించుకునే దారి కూడా మూసుకుపోయింది.

"మాస్కుది తప్పు కాదు బాబూ. మీసం. రబ్బరు చర్మానికి అంటుకోవాల గదా, మజ్జిన మీసం ఉంటే సందులోంచి నీరొచ్చెస్తది" అని, నన్ను ట్యూబులోకి ఎక్కించి తాడు కట్టి లాక్కుపోయాడు. పక్కనుంచి ఎనిమిదేళ్ల పిల్ల ఒకతె చేపలా ఈదుకుంటూ పోయింది. ఒడ్డున మా ఆవిడ వీడియో తీసి కుటుంబం గ్రూపులో పెట్టేసింది. నిమిషంలో బామ్మర్ది జవాబు: "బావా, గేదెని చెరువుకి తోలుకెళ్తున్నారా?"

పోనీ అంత అవమానానికి ఏమైనా కనపడిందా అంటే, బియ్యం కడిగిన నీళ్లలాంటి తెలుపు, విరిగిన పగడం ముక్కలు, పక్కవాళ్ల కాళ్లు. పడవలన్నీ జనాన్ని ఒక్కచోటే దింపుతున్నాయి.

అప్పుడు ఆ కుర్రాడే గొంతు తగ్గించి అడిగాడు. "ఈ టైముకి ఎవులు రమ్మన్నారు మిమ్మల్ని? నిన్న పున్నమి. నీరు లాగేస్తంది." పున్నమికి, అమావాస్యకి అక్కడ పోటు పొద్దున్న పది ప్రాంతంలో నిండుతుంది, మధ్యాహ్నం నుంచి నీరు జోరుగా వెనక్కి తీస్తుంది, తీసేటప్పుడు ఇసకంతా లేస్తుంది. ఆ తర్వాత రోజుకి ముప్పావుగంట, యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుందని లెక్క వేసుకోవాలి. పోటు నిండి నీరు నిలబడ్డ గంటలో దిగితే అద్దంలా ఉంటుందట. మా విశాఖ పెదజాలరిపేటలో ఏ ముసలాయన్ని అడిగినా చెప్పే ముక్క ఇది. డబ్బు పుచ్చుకున్న ఏజెంటుకి తెలియలేదు. మీ ఏజెంటుని "ఆ రోజు పోటు ఎన్నింటికి?" అని అడగండి. నీళ్లు నమిలితే వేరేవాణ్ణి చూసుకోండి.

ఆ రాత్రి వాజలీన్ రాసి హోటలు బకెట్లో ముఖం ముంచి చూశాను. కాస్త తగ్గింది గానీ కారడం ఆగలేదు. రేజరు కొన్నాను. పెళ్లయిన పదిహేనేళ్లలో మా ఆవిడ నన్ను మీసం లేకుండా చూడడం అదే మొదలు. ఐదు నిమిషాలు నవ్వి, తర్వాత పాపం అంది.

అక్కణ్ణుంచి నీల్ అనే ఇంకో దీవికి వెళ్లాం. అక్కడ భరత్‌పూర్ బీచి జెట్టీ పక్కనే ఉంటుంది. మర్నాడు పోటు లెక్క చూసుకుని పదకొండున్నరకి దిగాను. ముందే మాస్కు అద్దం లోపల ఉమ్మి రుద్ది కడిగాను, ఆవిరి పట్టలేదు. అసహ్యం అనుకోకండి, అందరూ చేసేదే. చుక్క నీరు రాలేదు. చిలక చేపలు పగడాన్ని కొరుకుతుంటే కటకటమని చెవికి వినపడింది. అవి తిన్న పగడమే పిండై ఇసకగా బయటికొస్తుంది. గంపంత ఆల్చిప్ప ఒకటి, నా నీడ పడగానే నోరు ముడుచుకుంది. ట్యూబు లేదు, తాడు లేదు, ముప్పావుగంట ఈదాను. ఈ వీడియో కూడా గ్రూపులో పెట్టాం. బామ్మర్ది చూశాడు, జవాబు లేదు.

అదే చోటికి సాయంత్రం మళ్లీ వెళ్తే నీళ్లు చీలమండ దాకా కూడా లేవు. కొందరు పగడాల మీద చెప్పులతో నడుస్తున్నారు. అది బతికున్న జీవి, 1972 వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్నది. ముక్క విరిచి జేబులో వేసుకుంటే నేరం కూడా. ఒకాయనకి చెప్పాను. "మీరు గవర్నమెంటా?" అన్నాడు.

ఇంటికొచ్చాక అసలు గొడవ మొదలైంది. తలుపు తీసిన అమ్మ నా ముఖం చూసి చేతిలో చెంబు కింద పడేసింది. "మీ నాన్న రాయిలా కూచుని ఉండగా మీసం తీసేస్తావురా?" పగడాలు, పోటు, రబ్బరు అంచు, అన్నీ వివరించాను. నాన్న మాత్రం పేపరు దించి, "కొంచెం సన్నగా కత్తిరిస్తే సరిపోయేది కాదూ" అన్నారు. అమ్మ ఇవాళ్టికీ నాతో మాట్లాడలేదు.